టేపు చివర మాటలు

19 ఏప్రిల్ 1986

ఈ డైరీ జనవరిలో పురుగుమందుల కొట్టువాడు ఇచ్చాడు. ఇన్నాళ్ళూ దీని మీద టంకం కడ్డీ పెట్టుకున్నాను, అట్ట కాలి నల్లబడింది. నిన్న జరిగింది ఎవరికైనా చెబితే గొప్పలు చాలించరా అంటారు. అందుకని దీనికి చెప్పుకుంటున్నాను.

నిన్న శ్రీరామనవమి. మల్లమ్మ సెంటర్ పందిట్లో మన పార్టీ పాడింది. 'మెరుపు ఆర్కెస్ట్రా, నరసరావుపేట' అని బ్యానరు. గిటారు నేను, డ్రమ్ములు లారీ మెకానిక్ సుబ్బన్న, పాట యల్లమంద. గిటారంటే కొన్నది కాదు. టేకు చెక్క కోసి, పాత హెడ్‌ఫోన్ల అయస్కాంతాలకు రాగి తీగ చుట్టి, నా రేడియో రిపేరు బల్ల మీద ఏడు నెలలు కూర్చుని చేసుకున్నది. యాంప్లిఫయరూ నాదే. పేటలో ఇంకెవడికైనా చేతనైతే చేసి చూపించమనండి.

మొదట నాలుగు సినిమా పాటలు పాడాం. జనం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు యల్లమంద నా చెవి దగ్గరకొచ్చి, "అన్నా, మన క్వారీ పాట వదుల్దామా?" అన్నాడు. వాడు కంకర క్వారీలో రాతికి డ్రిల్లు కొట్టే మనిషి. బండ దొర్లించేటప్పుడు పాడుకునే పాట ఒకటుంది, వాళ్ళ నాన్న కట్టింది. షాపులో సరదాకి దానికి గిటారు కలిపి పెట్టుకున్నాం. వదలరా అన్నాను.

కొండా కొండా కదలవే
కూలోడొచ్చాడు కదలవే
నీ రాయే నా కూడు కదలవే
నా చెమటే నీ తోడు కదలవే

మొదటి 'కొండా' అనేసరికి పందిరి పందిరంతా నోరు మూసుకుంది. వాడి గొంతులో ఒక గరుకు ఉంది, రంపం టేకులో దిగినట్టు. దాని వెనక నా గిటారు, సుబ్బన్న దరువు. నాలుగుసార్లు మళ్ళీ మళ్ళీ పాడించారు. ముసలివాళ్ళు కూడా లేచి చిందులేశారు. ఆడవాళ్ళలో నిలబడి వాడి పెళ్ళాం రాములమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

నాకు ముప్ఫయ్యొకటి నిండాయి. ఇన్నేళ్ళూ ఎవరెవరి రేడియోల్లోనో ఎవరెవరివో గొంతులు బాగుచేశాను. నిన్న మొదటిసారి నా పెట్టెలోంచి నా పాట వచ్చింది.

4 మే

సత్తెనపల్లి నుంచి ఒకాయన, రాజుపాలెం నుంచి ఒకాయన వచ్చారు. సినిమా పాటలు అక్కర్లేదట, 'ఆ కొండ పాట' కావాలట. సుబ్బన్న ముఖం చూడాలి, గ్రీజు చేతుల్తోనే ఇద్దరికీ దండాలు పెట్టాడు.

11 జూన్

రంజాన్ పండగపూట కూడా ఎకో మిషను ముందే కూర్చున్నానని హసీనా అలిగింది. "షీర్ ఖుర్మా చల్లారిపోయింది. నీకు పెళ్ళాం నేనా, ఆ పెట్టెలా?" అంది. నిజంగా అడిగినట్టే అడిగింది. పెట్టెలు తిండి అడగవు కదా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

కానీ మిషను మాత్రం అద్భుతం. పాడిన మాట అర సెకను తర్వాత ఇంకోసారి పలుకుతుంది. యల్లమంద 'కొండా' అంటే కొండే తిరిగి పలికినట్టుంది. వాడు మూడుసార్లు తన గొంతు తానే విని, "ఇదెవురన్నా, ఇంత బాగా పాడుతుండాడు?" అన్నాడు. పిచ్చి సన్నాసి.

28 జులై

గురజాల. మూడు వేల మంది ఉంటారని సుబ్బన్న అంటాడు, రెండు వేలు అనుకున్నా తక్కువ కాదు. జనం ఎక్కి కూర్చున్న ప్రహరీ గోడ ఒక మూల కూలింది, అయినా ఎవడూ ఇంటికి పోలేదు.

యల్లమందకి ఎర్ర సాటిన్ చొక్కా కుట్టించాను. స్టేజీ మీద దీపాలకు ఎరుపు బాగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాడు సిగ్గుపడి ముందు వేసుకోనన్నాడు. ఇప్పుడు విప్పనంటున్నాడట.

9 సెప్టెంబరు

చవితి పందిళ్ళు. రోజుకో ఊరు. పగలు వాడు క్వారీకి పోతాడు, సాయంత్రం తల మీద దుమ్ముతోనే బస్సెక్కుతాడు. రెండో పాట తర్వాత దగ్గు వచ్చింది. వానలో తడిశాడు. జలుబే.

16 సెప్టెంబరు

జలుబే.

దగ్గు వచ్చినప్పుడు మైకు మూసి ఎకో పెంచుతున్నాను. ముందు పాడిన మాట తిరుగుతూ ఉంటుంది కాబట్టి జనానికి తెలియదు. ఇంకో మెకానిక్ అయితే ఈ ఉపాయం తట్టేది కాదు.

14 అక్టోబరు

నిన్న మాచర్లలో దసరా ప్రోగ్రాం. జనం మమ్మల్ని బస్సు దగ్గరి నుంచి భుజాల మీద మోసుకుపోయారు. నేను, షబ్బీర్ని, రేడియో మెకానిక్ని, భుజాల మీద!

దిగేటప్పుడు యల్లమంద స్టేజీ వెనక ఉమ్మాడు. ఎర్రగా ఉంది. వక్కాకు వేసుకున్నాడు కాబోలు.

15 అక్టోబరు

"యల్లమందన్న వక్కాకు ఎప్పుడేసుకున్నాడయ్యా, వాడికి బీడీ తప్ప ఏం అలవాటు లేదుగా?" అంది హసీనా. నేను అడగలేదు, అదే అంది.

3 నవంబరు, సోమవారం

గుంటూరు తీసుకువెళ్ళాను. ఛాతీ డాక్టరు. ఫోటో తీశారు. వాణ్ణి బయట బెంచీ మీద కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచాడు.

"మీరేమవుతారు?"

"అన్నను సార్."

ఫిల్ము కిటికీకి పట్టి చూపించాడు. నల్లగా ఉండాల్సిన చోటంతా తెల్లగా, సున్నం చల్లినట్టు ఉంది.

"ఇదంతా రాతి దుమ్ము. లోపల గట్టిపడింది, ఇక పోదు. దాని మీద టీబీ పట్టింది. క్వారీ ఇవాళే మానాలి. బిళ్ళలు ఏడాదిన్నర. ఆరు నెలలు పూర్తిగా విశ్రాంతి. గట్టిగా మాట్లాడటం కూడా కుదరదు."

"పాటలు పాడతాడు సార్."

ఆయన కళ్ళజోడు తీశాడు. "మీకు చెప్పేది అర్థమవుతోందా? నెత్తురు పడుతోంది. గొంతెత్తితే ఏదో ఒక రోజు ఆగకుండా పడుతుంది. ఆరు నెలలు నోరు మూసుకుని మందులు వాడితే ఇంకో పదేళ్ళు బతకొచ్చు. గొంతులో ఆ గరుకు ఎన్నాళ్ళ నుంచి?"

"అది వాడి గొంతేనండీ," అన్నాను.

"గొంతు కాదది, జబ్బు."

అంతా ఇంగ్లీషులో రాసిచ్చాడు. చివరి వాక్యం కింద రెండు గీతలు గీశాడు.

బయటికి రాగానే యల్లమంద లేచి నిలబడ్డాడు. "ఏమన్నాడన్నా?"

టీ తాగుదాం పదరా అన్నాను. బస్సులో నా భుజం మీద తలపెట్టి పేట దాకా నిద్రపోయాడు. కాగితం నా జేబులో ఉంది.

4 నవంబరు

ఇవాళ కూడా చెప్పలేదు. రేపు.

7 నవంబరు

రాములమ్మ షాపుకి వచ్చింది. కౌంటరు అవతలే నిలబడి అడిగింది.

"అన్నా, ఆ కాయితంలో ఏం రాసుందన్నా? నువ్వు సదువుకున్నోడివి. ఆయన్నడిగితే నవ్వి ఊరుకుంటాడు."

"క్వారీ మానమన్నాడమ్మా. బీడీ మానమన్నాడు. బిళ్ళలు ఒక్క పూట కూడా తప్పకూడదన్నాడు."

"మరి పాట?"

ఆ మాట ఆమే అడిగింది. నేను ఎత్తలేదు.

"పాటకేం? పాడితే లోపల గాలాడుతుంది. మంచిదే," అన్నాను.

అబద్ధమా అది? క్వారీ మానిపించానా లేదా? దుమ్ము వల్ల వచ్చిన జబ్బు, దుమ్ము ఆగితే అదీ ఆగుతుంది. నా దగ్గరికొచ్చే రేడియోల్లో సగానికి దుమ్ము దులిపితే చాలు, మళ్ళీ పాడతాయి. సగం నిజం చెప్పాను. సగం నిజం అబద్ధం ఎట్లా అవుతుంది?

కాగితం పాత వాల్వు రేడియో కడుపులో పెట్టాను. ఆ రేడియో ఎవరూ అడగరు, దాని సొంతదారు పోయి మూడేళ్ళయింది.

9 నవంబరు

యల్లమంద క్వారీ మానేశాడు. మేస్త్రీ బతిమాలినా వినలేదట. "కొండ పోతే పోయింది, పాటుందిగా అన్నా. ఇంక నా బతుకు నీ పెట్టెలోనే," అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను.

16 నవంబరు

ఇవాళ్టి రోజు రాసుకోకపోతే పాపం.

శావల్యాపురం అవతలి పల్లె నుంచి ధనుంజయరావు గారు వచ్చారు. తెల్ల పంచె, చేతికి పెద్ద వాచీ. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళలో వాళ్ళ ఊరు వెదుర్లతో కట్టి బండి మీద ఊరేగించే ప్రభ ఎనభై అడుగుల ఎత్తు. ఆ వెదురు ప్రభకి ముందు పీట మీద నిలబడి మనం పాడాలట. కోటప్పకొండ! చుట్టుపక్కల జిల్లాలు జిల్లాలే కదిలొస్తాయి. ఇన్ని పార్టీలుండగా మనల్ని అడిగాడు.

"ఏమోయ్ షబ్బీరూ, ఒక్క మాట. మా ప్రభ కదిలిందంటే కొండ కాడ దింపేదాకా పాట ఆగగూడదు. తాతల కాణ్ణుంచీ అంతే. పూర్వం భజన, ఇప్పుడు మైకు. పాట ఆగితే ఊరికి అరిష్టం."

"ఆగదండీ," అన్నాను.

యల్లమంద బెంచీ మీద నుంచి లేచాడు. కళ్ళు నిండాయి. "అన్నా, మా అమ్మ కోటయ్య సామికి మొక్కుకుంటే పుట్టాను నేను. కొండ కింది ఊరి పేరే పెట్టింది. ఆ సామి ముందర పాడితే ఇంకేం కావాలన్నా నాకు?"

ఇక నేనేం చెప్పను? వాడే అడుగుతున్నాడు కదా. మూడు నెలలు. శివరాత్రి వెళ్ళిన మర్నాడు కాగితం తీసి అంతా చదివి వినిపిస్తాను. అల్లా మీద ఒట్టు.

30 నవంబరు, ఆదివారం

షాపు తలుపులు మూసి 'కొండా' టేపు మీద ఎక్కించాం. ముందుచూపు ఉండాలి. మూడుసార్లు పాడాడు, మూడూ బాగున్నాయి, మూడోది అన్నిటికన్నా బాగుంది. సుబ్బన్న డ్రమ్ములు కట్టేసి పనుందని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత యల్లమంద ఏదో అడిగాడు. చెప్పాను.

టేపు ఆపడం మరిచాను. చివర మాటలు పడ్డాయి. చెరిపేయాలి.

2 డిసెంబరు

టేపు చివర మాటలు చెరిపేయాలి.

20 డిసెంబరు

పాత రేడియో దుమ్ము దులుపుతూ హసీనా కాగితం బయటికి తీసింది.

"ఇదేంది?"

"సర్క్యూటు బొమ్మ."

"సర్క్యూటు మీద ఆస్పత్రి ముద్రేందయ్యా?"

ఆడదానివి నీకెందుకని అరిచాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అది అడిగింది ఒక మాట, నేను అరిచింది పది. హసీనా కాగితం మడిచి ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది.

"ఏముందో నాకు తెల్వదు. చెప్పాల్సినోళ్ళకి చెప్పు. ఆ రాములమ్మ 'వదినా' అంటూ వస్తుంటే నేను మొహం చూళ్ళేకపోతన్నా," అంది.

8 జనవరి 1987

ఈ ఏడు డైరీ ఇవ్వలేదు. పాతదాంట్లో మొదటి పేజీలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి 86 కొట్టేసి రాస్తున్నాను.

వాడు బరువు తగ్గాడు. సాటిన్ చొక్కా చిలక్కొయ్యకి తగిలించినట్టు వేలాడుతోంది. అయినా బిళ్ళలు వేసుకుంటున్నాడు. తగ్గుతుంది.

టేపు తీసి పెట్టాను. చివర చెరపబోతే పాట ఆఖరి రాగం తెగుతుందేమోనని భయం వేసింది. ఆ రాగం ఎకోలో ఎంతసేపు తిరుగుతుందో! దాని వెనకే మాటలు. ఒక్క చెయ్యి జారితే రాగం పోతుంది. తీరిగ్గా చేస్తాను.

27 జనవరి

పిడుగురాళ్ళలో రెండో పాటకే కూర్చుండిపోయాడు. సుబ్బన్న దరువుతో నెట్టుకొచ్చాం. తిరుగు బస్సులో సుబ్బన్న నన్ను తలుపు దగ్గరికి పిలిచి, "షబ్బీరూ, యల్లమందకి ఏందిరా జబ్బు? నాకు చెప్పు," అన్నాడు.

"నీరసం," అన్నాను.

"ఒట్టేయ్."

వేయలేదు. సిగరెట్టు అంటించాను.

10 ఫిబ్రవరి

ఇవాళ గొడవ. ప్రభ దారి పొడవునా వాడు పాడలేడు, అది గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. నా ఉపాయం చెప్పాను. దారిలో టేపు వేస్తాను. మైకు నోటి దగ్గర పెట్టుకుని పెదాలు ఆడిస్తే చాలు, సుబ్బన్న డ్రమ్ములు నిజంగానే కొడతాడు. కొండ దగ్గర ప్రభ ఆగాక ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వాడి సొంత గొంతుతో.

"దొంగపాటా?" అన్నాడు యల్లమంద. నా మీద వాడు గొంతు పెంచడం ఇదే మొదలు, పెంచగానే దగ్గు తన్నుకొచ్చింది. "కోటయ్య సామి ముందర నోరాడించమంటావా? పాపం తగుల్తదన్నా."

"దొంగపాట ఎట్టా అవుతుందిరా? గొంతు నీదే కదా?"

తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"చివర పాడిస్తావుగా?"

"ఒట్టు."

"అయితే సరే. నువ్వు చెప్పావు కాబట్టి."

నిజం చెప్పాలంటే నాకూ మనసు తేలికపడింది. టేపు వేస్తే వాడికి గొంతెత్తే పని లేదు. డాక్టరు చెప్పింది సగం పాటించినట్టే కదా. ఒక్క పాట. ఒక్క పాటకి ఏమవుతుంది?

25 ఫిబ్రవరి

అన్నీ ట్రాక్టరెక్కాయి. పన్నెండు బాకా మైకులు, రెండు యాంప్లిఫయర్లు, జనరేటరు. టేపు చివర... చెరపలేదు. పర్లేదు, మూడోసారి పాట అవగానే నా చేత్తో ఆపి మళ్ళీ మొదటికి తిప్పుతాను. నేను అక్కడే ఉంటాను కదా.

28 ఫిబ్రవరి

రాయలేను.

1 మార్చి

యల్లమంద పోయాడు.

3 మార్చి

రాయాలి. ఇంకెవరికీ చెప్పలేను.

గురువారం మధ్యాహ్నం కల్లా కొండ కనబడే దారికొచ్చాం. ముందూ వెనకా ప్రభలే, జనమే. మా ప్రభకి ముందు వైపు పీట మీద యల్లమంద, సుబ్బన్న. వెనక వైపు ట్రాక్టరు తొట్టిలో జనరేటరు పక్కన నేను. మధ్యలో ఎనభై అడుగుల వెదుర్లూ రంగు గుడ్డలూ. వాళ్ళు నాకు కనపడరు. నేను వాళ్ళకి కనపడను. రాములమ్మ ఊరి ఆడవాళ్ళతో కలిసి రోడ్డు వార నడుస్తోంది, తల మీద కొబ్బరికాయల బుట్ట.

సాయంత్రం ఆరింటికి లైట్లు వేసి ప్రభని కొండ వైపు కదిలించారు. టేపు వేశాను. 'కొండా' అంది పన్నెండు బాకాల్లోంచి. జనం ఈలలు, కేకలు, చిందులు. చుట్టుపక్కల ప్రభల మీద పాడేవాళ్ళు పాట ఆపి మావైపు చూశారట. దానికన్నా ఏం కావాలి నాకు? నిలబడి గిటారు వాయిస్తున్నాను, ఏడుస్తున్నాను కూడా.

టేపు అని నాకు తెలుసు. నేనే వేశాను. అయినా ఆ గొంతు వింటుంటే మనిషి బాగున్నాడనే అనిపించింది. రెండోసారి మొదటిసారి కన్నా బాగా పాడుతున్నాడు అనుకున్నాను, అచ్చం అట్లాగే అనుకున్నాను. తగ్గిపోయింది, డాక్టర్లు ఊరికే భయపెడతారు అనుకున్నాను.

సుబ్బన్న తర్వాత చెప్పాడు. రెండోసారి పాట మొదలవుతుండగా యల్లమంద వెదురు పట్టుకుని మెల్లిగా కూర్చున్నాడట. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడట. పెదాలు ఆడించడానికి సిగ్గుపడి దాచుకుంటున్నాడనుకున్నాడు సుబ్బన్న. చొక్కా ఎర్రది. దాని మీద ఎరుపు ఎట్లా కనపడుతుంది? దరువు తప్పొద్దని నేను మరీ మరీ చెప్పి ఉన్నాను. కొడుతూనే ఉన్నాడు. మూడోసారి సగంలో యల్లమంద పక్కకి ఒరిగి పీట మీద నుంచి జారాడు. అప్పుడు అరిచాడట సుబ్బన్న. పన్నెండు బాకాల కింద ఒక్క మనిషి అరిస్తే ఎవరికి వినపడుతుంది?

నాకు ముందు నుంచి జనం చేతులూపడం కనిపించింది. బాగుందని ఊపుతున్నారనుకున్నాను. నేనూ ఊపాను.

తర్వాత ఎవరో తొట్టి ఎక్కి నా చొక్కా పట్టుకుని లాగారు. గిటారు పడేసి దూకాను. జనాన్ని తోసుకుంటూ ముందుకి వెళ్ళేసరికి వాడు రాములమ్మ ఒళ్ళో ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోట్లోంచి ఇంకా వస్తూనే ఉంది. పైన వాడే పాడుతున్నాడు.

"ఇదేందన్నా?" అంది రాములమ్మ. ఏడవలేదు ఇంకా. పైకి చూసింది, ఒళ్ళోకి చూసింది. "నేనిప్పుడేగా అనుకున్నా, ఎంత బాగా పాడుతుండాడో అని. ఈయన ఇక్కడుంటే పాడేదెవురన్నా?"

పాట అయిపోయింది. ఆఖరి రాగం తిరిగి తిరిగి ఆగింది. టేపు దగ్గర ఎవరూ లేరు.

ముందు దగ్గు వచ్చింది. పన్నెండు బాకాల్లోంచి, తిరనాళ్ళ మొత్తానికీ, యల్లమంద దగ్గు. తర్వాత వాడి మాట.

"అన్నా, ఒకటడుగుతా. డాక్టరు నన్ను పాడొద్దన్నాడా? నిజం చెప్పు."

తర్వాత నా గొంతు.

"అట్టాంటిదేం లేదురా. పాడు."

"అయితే సరే. నువ్వు చెప్పావు కాబట్టి."

జనానికి ఏం అర్థమయిందో తెలియదు. కొందరు నవ్వారు కూడా, ఏదో హాస్యం అనుకుని. రాములమ్మ నవ్వలేదు. తలెత్తి నా ముఖంలోకి చూసింది. వాడి ఊపిరి అప్పటికింకా ఉందో పోయిందో నాకు తెలియదు, నేను ఆమె కళ్ళనే చూస్తున్నాను.

వాణ్ణి జీపులో వేసుకుని పేటకి తెచ్చాం. దారిలోనే పోయాడు. ప్రభ ఆగలేదు. ధనుంజయరావు గారు ఎవరిదో భక్తి పాటల క్యాసెట్టు తెప్పించి నా మిషనులోనే వేయించాడట. పాట ఆగకుండానే కొండ చేరింది. ఊరికి అరిష్టం తప్పింది.

6 మార్చి

హసీనా మాట్లాడటం లేదు. అన్నం పెట్టి అవతలికి పోతుంది. రోజూ సాయంత్రం గిన్నె సర్దుకుని రాములమ్మ ఇంటికి వెళ్తుంది. నన్ను రమ్మనదు.

12 మార్చి

రాములమ్మ వచ్చింది. ఈసారి కౌంటరు దాటి లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చుంది, వాడు కూర్చునే చోట.

"ఆ కాయితం ఇయ్యన్నా."

పాత రేడియో విప్పి తీసిచ్చాను. తిప్పి చూసి మళ్ళీ నాకే ఇచ్చింది.

"చదువు. తెలుగులో చదువు."

చదివాను. రాతి దుమ్ము, టీబీ, క్వారీ, బిళ్ళలు. అక్కడ ఆగాను.

"కింద గీతలు గీసి ఉంది. అది చదవలేదు నువ్వు."

"పాట... పాడకూడదు. గొంతెత్తకూడదు. ఆరు నెలలు."

"ఆరు నెలలు నోరు మూసుకుంటే ఎన్నాళ్ళు బతికేవోడు?"

"పదేళ్ళన్నాడు."

"ఇంకోసారి చదువు."

మూడుసార్లు చదివించింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. కాళ్ళ మీద పడబోయాను, కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"పాడొద్దని తెలిసినా పాడేవోడేమో అన్నా, మా వోడు. కొండ అంటే అంత పిచ్చి వాడికి. అది వాడు చెప్పుకోవాల్సిన మాట. నువ్వు చెప్పేశావు," అంది. కాగితం మడిచి రవికలో పెట్టుకుంది.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. "ఆ టేపు ఉందా?"

ఉందన్నాను.

"నా ఇంట్లో పెట్టె లేదు. ఇక్కడే వింటా. రేపొస్తా."

13 మార్చి

వచ్చింది. వేశాను. మూడు పాటలూ కదలకుండా విన్నది. ఆఖరి రాగం తిరుగుతుండగా నేను మీట మీద చెయ్యి వేశాను.

"ఆపొద్దు," అంది.

19 మార్చి

ధనుంజయరావు గారి మనిషి వచ్చాడు. వచ్చే శివరాత్రికి ఆ టేపు ఇవ్వగలవా అని. మనిషి లేకపోయినా గొంతుంది కదా అన్నాడు. మంచివాడే, అన్నం తిన్నావా అని కూడా అడిగాడు. తలుపు వేసుకున్నాను.

సుబ్బన్న డ్రమ్ములు తీసుకువెళ్ళిపోయాడు. నేను ఒట్టు వేయని రోజు అతనికి అర్థమయిందట. అర్థమయీ ఎందుకు అడగలేదో తనకే తెలియదట.

రాములమ్మ క్వారీలో చేరింది, కంకర తట్టలు మోయడానికి. రేడియోలు బాగుచేసి నాకొచ్చేదాంట్లో సగం ఇస్తానని చెప్పి హసీనాని పంపాను. "మీ ఆయన్ని సగాలు మానమను వదినా," అందట.

2 ఏప్రిల్

రోజూ వస్తోంది. క్వారీ దిగి, తల మీద తెల్లదుమ్ముతో, సరిగ్గా వాడు వచ్చే వేళకి. మొదట్లో పాట వినడానికి వస్తోందనుకున్నాను. పాటప్పుడు కళ్ళు మూసుకుంటుంది. దగ్గు దగ్గర తెరుస్తుంది. తెరిచి నన్నే చూస్తుంది, చివరిదాకా.

చెరిపేయొచ్చు. నాకు అర నిమిషం పని. రాగం తెగకుండా కూడా చేయగలను, ఆ భయం ఎప్పుడూ అబద్ధమే. మూడు రాత్రులు టేపు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను.

చెరపలేదు.

ఇవాళ కూడా వచ్చింది. వేశాను. పాడాడు. దగ్గాడు. అడిగాడు. 'అట్టాంటిదేం లేదురా, పాడు' అని చెప్పాను. రాములమ్మ లేచి, కొంగుతో ముఖం మీద దుమ్ము తుడుచుకుని, రేపొస్తానని చెప్పి వెళ్ళింది.